జెర్రిపోతు పిల్ల తిన్న మూడు మేతలు

రండర్రా, ఇంకా దగ్గరికి జరగండి. చాప మీద బోలెడు చోటుంది, మోచేతులతో పొడుచుకోకండి. పాము కథే గాని భయం లేదు, ఈ పాముకు విషం లేదు.

అనగనగా ఒక ఊళ్ళో చెంచయ్య, రవణమ్మ అని మొగుడూ పెళ్ళాలు. చేలల్లో ఎలుకలు పట్టడం చెంచయ్య పని. పిలిస్తే పలికే బిడ్డ లేని ఇల్లు. మొగుడు పనికి పోతే రవణమ్మకు పొయ్యితోనే కబుర్లు.

ఒకనాడు చెంచయ్య ఎలుక బొరియ తవ్వుతుంటే గడ్డపారకు పాముగుడ్లు తగిలాయి. అన్నీ చితికాయి, ఒక్కటి మిగిలింది. అందులోంచి జెర్రిపోతు పిల్ల తల బయటపెట్టింది. చేలోకి అన్నం తెచ్చిన రవణమ్మ దాన్ని కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. కుండలో ఇసుక పోసి, మూతికి గుడ్డ కట్టి, చిన్నోడా అని పిలుచుకుంది.

అప్పుడు చెంచయ్య అన్నాడు: "పెంచుకోవే, కాదనను. వారానికోసారి మేత తెచ్చిస్తా. మూడుసార్లు చూద్దాం. ముట్టకపోతే చేలో వదిలేద్దాం. కుండలో తినని పాము చేలో తింటుంది."

మొదటి వారం కప్పపిల్లను తెచ్చాడు. చిన్నోడు మొహం తిప్పుకుని చుట్ట చుట్టుకున్నాడు. మర్నాటికీ కప్ప కుండలో గెంతుతూనే ఉంది. మూడుసార్లూ ఇంతేనేమో, వదిలేయమంటాడేమోనని రవణమ్మకు భయం పట్టుకుంది. కప్పను తీసి గట్టు అవతల పారేసింది.

"తిన్నదా?"

"తినకేం మామా! నీకంటే ముందే తినేసింది."

ఆ తర్వాత ఎలుకపిల్ల. అదీ ముట్టలేదు. దాన్ని కాకికి వేసింది.

"ఏదీ, చూడనీ," అంటూ చెంచయ్య గుడ్డ మీద చెయ్యి వేశాడు.

"ఆగు మామా! తిన్న పామును కదిపితే కక్కేస్తుందని నువ్వేగా చెప్పావు!"

నిజమే, తనే చెప్పాడు. చెయ్యి తీసేశాడు. పైగా వీధిలో అందరికీ మా ఆడదాని చెయ్యి మంచిదని చెప్పుకున్నాడు.

ఆ తర్వాత బల్లిపిల్ల. రవణమ్మ కుండ ముందు కూలబడి బతిమాలింది. "ఒక్కటి తినరా నాయనా. తింటే నా మాట నిజమవుతుంది." చిన్నోడి వెన్ను అప్పటికే పైకి తేలింది. కుండ ఎత్తుకుని చేను దాకా వెళ్ళింది. వదలడానికి మనసొప్పక వెనక్కి తెచ్చేసింది.

"తిన్నదా?"

"ఊఁ," అంది.

నాలుగో వారం చెంచయ్య సంబరంగా లావుపాటి కప్పను తెచ్చాడు. మూడు మేతలు తిన్నోడు ఇంత అయ్యుంటాడని తనే గుడ్డ విప్పాడు. చేతిలోకి తీస్తే ఎండిన తీగలాగా బరువే లేదు. ప్రాణం లేదు.

"ఏమే, మూడు మేతలూ ఎవరు తిన్నారే?"

రవణమ్మ ఖాళీ కుండను ఒళ్ళోకి లాక్కుంది.

"ఒక్కసారి తినలేదని చెప్పుంటే బతికేది గదే," అన్నాడు. అంతే, తిట్టలేదు, కొట్టలేదు.

కానీ ఆ తర్వాత ఉప్పు వేశానంటే కూర నాలిక మీద వేసుకుని చూసేవాడు. తలుపు వేశానంటే లేచి వెళ్ళి చూసేవాడు. తలనొప్పి అంటే నుదుటి మీద చెయ్యి వేసి చూసేవాడు. ఆ చెయ్యి వేసినప్పుడల్లా రవణమ్మ కళ్ళు మూసుకునేది.

ఇక లేవండి, మీ అమ్మలు ఎదురుచూస్తుంటారు. ఆకలుంటే కడుపునిండా తినండి. లేకపోతే లేదనండి, తిట్లు పడితే పడండి. కుక్కకు పెట్టి తిన్నామని మాత్రం అనకండి.

కథేమో కంచి దారి పట్టె,
మీరేమో కంచం దారి పట్టండి!