బొంజుబాబు కొనిపించిన జీపు

పనసగరువు అనే కొండ ఊళ్లో బొంజుబాబు అనే మనిషి ఉండేవాడు; ఎవరు ఏది అడిగినా "నాకు తెలీదు" అనే మాట మాత్రం అతని నోట వచ్చేది కాదు. వాన ఎప్పుడు పడుతుందో చెప్పేవాడు. మేకకు కడుపు ఎందుకు ఉబ్బిందో చెప్పేవాడు. చెప్పినవాటిలో సగం తప్పేవి. తప్పినవాటిని అతను గుర్తుంచుకునేవాడు కాదు. ఊరివాళ్లు మంచివాళ్లు కాబట్టి గుర్తుచేసేవారు కాదు.

బళ్ల విషయంలో అతనికి మరీ పేరు. వయసులో ఉండగా నర్సీపట్నంలో ఒక మెకానిక్ షెడ్డులో ఎనిమిది నెలలు పనిచేశాడు. చేసిన పని కిరసనాయిలుతో సామాన్లు కడగడం. వాటి పేర్లన్నీ నోటికొచ్చాయి. ఏది ఏ పని చేస్తుందో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. కొండకు తిరిగొచ్చాక, ఆగిపోయిన మోటారు సైకిలు పక్కన నిలబడి "కార్బురేటరు" అని గంభీరంగా అనేవాడు. ఒక్కోసారి అది నిజంగా కార్బురేటరే అయ్యేది. అలా అతను ఊరికి మేస్త్రి అయిపోయాడు.

పనసగరువు నుంచి తారురోడ్డుకు నాలుగు కిలోమీటర్ల మట్టిదారి. దారిలో ఒక గెడ్డ, ఆ వాగు దాటగానే ఎర్రమెట్ట అనే నిలువు ఎక్కుడు. ఆటోలు అటు రావు. ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా వెదురుబొంగుకు దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి, డోలీ మోసుకుంటూ రోడ్డు దాకా నడవాల్సిందే. ఆ బొంగు ఎప్పుడూ ఊరి సావిడి చూరుకింద వేలాడుతుండేది. దాని కింద నుంచి నడవాలంటే ఆడవాళ్లకు మనసొప్పేది కాదు.

ఆ ఏడు కాఫీ గింజలు మంచి ధరకు పోయాయి. ఊరి ఆడవాళ్ల సంఘానికి చిలకమ్మ పెద్ద. ఆమె అందరినీ కూర్చోబెట్టి, "మనకి చీరలొద్దు, గొలుసులొద్దు. నాలుగు చక్రాలూ లాగే జీపొకటి కొందాం. పాతదైనా పరవాలేదు. ఆ బొంగు మాత్రం దించేద్దాం" అంది. అందరూ సరే అన్నారు. చింతపల్లిలో గౌరునాయుడు అనే ముసలి డ్రైవరు తన జీపు అమ్ముతున్నాడని తెలిసింది. బండి మంచీ చెడ్డా చూడ్డానికి బొంజుబాబును వెంటబెట్టుకు వెళ్లారు. ఊళ్లో ఆటో తోలిన అనుభవం ఉన్న కొండన్న కూడా వెళ్లాడు, రేపు ఆ బండి నడిపేది అతనే కాబట్టి.

గౌరునాయుడు ముప్ఫై ఏళ్లు అడవి దారుల్లో జీపు తోలిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి. బండిని శుభ్రంగా కడిగి, వేపచెట్టు నీడలో పెట్టాడు. రంగు వెలిసిపోయింది, కింద రేకుకు అక్కడక్కడా తుప్పు పట్టింది. బొంజుబాబు టైరును కాలితో తన్నాడు. బానెట్టు ఎత్తి లోపలికి చూశాడు. ఆయిలు పుల్లను తీసి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు. ఆ వాసనకు అర్థమేమిటో అతనికి తెలియదు. షెడ్డులో పెద్ద మేస్త్రి అలాగే చూసేవాడు.

"బండికి ఏ రోగం లేదు బాబూ," అన్నాడు గౌరునాయుడు. "కాకపోతే దీనికో పద్ధతుంది. ముందు చక్రాల కాడికి ఓపాలి రండి, సూపిత్తాను."

బొంజుబాబు ముందు చక్రం వైపు చూశాడు. చక్రం నడిబొడ్డున అరచేతికి పట్టేంత గుండ్రటి బిళ్ల ఒకటి ఉంది. అలాంటిది అతను షెడ్డులో చూసిన గుర్తు లేదు. ఇప్పుడు అక్కడికి వెళ్లి, వంగి, ముసలాయన చెప్తుంటే తల ఊపుతూ వింటే తన మేస్త్రితనం ఏం కావాలి? కొండన్న టీ కొట్టుకు వెళ్లాడు; చిలకమ్మ కాక మిగతా ఎనిమిది మంది ఆడవాళ్లు మాట వినపడనంత దూరంలో అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. అతని చెవులు వేడెక్కాయి.

"నాకు సూపించక్కర్లేదు తాతా," అన్నాడు. "ఇలాటి బళ్లు షెడ్డులో ఎన్ని ఇప్పి కట్టేనో లెక్క లేదు."

"అది కాదు బాబూ, బురదలో..."

"బురద సంగతి కొండోళ్లకి సెప్తావేటి?"

చిలకమ్మ మెల్లిగా కల్పించుకుంది. "సెప్పనీ తమ్ముడా. ఇంటే మన సొమ్మేటి పోద్ది?"

బొంజుబాబు మొహం ముడుచుకున్నాడు. "అప్పా, మరి నన్నెందుకు తెచ్చేరు? నా మాట మీద నమ్మకముంటే కొనండి. లేదా ఈ తాతనే అడగండి, నాను బస్సెక్కి ఎల్లిపోతాను."

చిలకమ్మ అతని వైపు ఒక్క క్షణం చూసి ఊరుకుంది. "మేస్త్రికి తెలిసిందే గదా. ఎప్పుడైనా అనుమానమొస్తే కబురెట్టండి" అని గౌరునాయుడు, అప్పుడే తిరిగొచ్చిన కొండన్న చేతిలో తాళాలు పెట్టాడు. తారురోడ్డు మీద తోలి చూశారు. బండి చక్కగా నడిచింది. "కొనీండి," అన్నాడు బొంజుబాబు. కొనేశారు.

జీపు ఊళ్లోకి వచ్చిన రోజు పసుపు రాసి బొట్టు పెట్టారు. బొంజుబాబు అందరి ముందూ సావిడి చూరుకింది బొంగును దించాడు. "దీంతో ఇంక మనకి పనేటి?" అని భుజాన వేసుకుని ఇంటికి పట్టుకుపోయి, తన చిక్కుడు పందిరికి రాటగా పాతుకున్నాడు. దారులు ఎండి ఉన్న రోజులవి. జీపు ఎర్రమెట్టను అవలీలగా ఎక్కేది. ఎక్కినప్పుడల్లా బొంజుబాబు అది తనే ఎక్కినట్టు మీసం సవరించుకునేవాడు.

మిరియాల కోత మొదలయ్యాక ఎవరూ అనుకోని వాన పట్టుకుంది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున కాస్త తెరిపివ్వగానే చిలకమ్మ మిరియాలు కోయడానికి నిచ్చెన వేసుకుని చెట్టెక్కింది. తడిసిన నిచ్చెన జారింది. ఆమె అంత ఎత్తు నుంచీ పడింది. కుడి తొడ ఎముక విరిగి, కాలు పక్కకు తిరిగిపోయింది.

ఆమెను జీపులో పడుకోబెట్టి, బొంజుబాబూ ఇంకో నలుగురూ వెంట ఎక్కారు. ఎవరూ కంగారు పడలేదు, బండి ఉంది కదా అనుకున్నారు. గెడ్డ దాటారు. ఎర్రమెట్ట సగం ఎక్కేసరికి వెనక చక్రాలు బురదలో గిరగిరా తిరిగాయి. కొండన్న నాలుగు చక్రాలకూ బలం అందించే చిన్న గేరు కర్రను లాగాడు. అయినా ముందు చక్రాలు కదల్లేదు. వెనకవి మాత్రం ఇంకా లోతుకు దిగాయి.

"బొంజన్నా, ఇప్పుడేటి సెయ్యాలి?" అని అడిగాడు కొండన్న.

బొంజుబాబు దిగి ముందు చక్రం దగ్గరకు వెళ్లాడు. బిళ్ల మీద బురద తుడిచాడు. ముసలాయన మాటలు చెవిలో వినిపించాయి: దీనికో పద్ధతుంది, ముందు చక్రాల కాడికి రండి. అతను బిళ్ల మీద చెయ్యి వేశాడు. ఎటు తిప్పాలి? తిప్పబోతే విరిగిపోతే? తిప్పగానే బండి కదిలితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడగరా? చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ లోయలో ఫోన్లు పలకవు. జీపులో చిలకమ్మ మూలుగు వినిపిస్తూనే ఉంది.

"ముసలోడు మనల్ని మోసం సేసేడు," అన్నాడు. "ముందు చక్రాలకి బలం లేదు. సచ్చిన బండి అంటగట్టేడు."

అందరూ నమ్మారు. ఇక డోలీ తప్ప దారి లేదు. డోలీకి బొంగు కావాలి. బొంగు చిక్కుడు పందిట్లో ఉంది. బొంజుబాబు ఊళ్లోకి పరిగెత్తాడు. రాట పెకలించేసరికి పూతమీదున్న పాదు మొత్తం అతని మీద కూలింది. ఆ తీగల్ని తెంపుకుంటూ బొంగు పట్టుకుని తిరిగొచ్చేసరికి గంట దాటింది. మళ్లీ వాన మొదలైంది. డోలీ ముందు కొస అతనే భుజాన పెట్టుకున్నాడు. అడుగు జారినప్పుడల్లా వెనక నుంచి చిలకమ్మ అరుపు వినపడేది. ఆమె అతన్ని ఒక్క మాటా అనలేదు. ఒకసారి మాత్రం మంచినీళ్లు అడిగింది. బొంగుకు ఇంకా ఒక చిక్కుడుపువ్వు అంటుకుని ఉంది. రోడ్డు చేరే దాకా అది అతని కళ్ల ముందే ఊగుతూ ఉంది.

పాడేరు ఆసుపత్రిలో డాక్టరు కాలు చూసి, మోతలో ఎముక బాగా కదిలిపోయిందన్నాడు. నడక వస్తుంది, కాని కొంచెం కుంటు మిగలొచ్చన్నాడు. బొంజుబాబు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

గౌరునాయుడు మోసం చేశాడన్న మాట సంతలో పడింది. ముప్ఫై ఏళ్లలో ఎవరి చేతా మాట పడని మనిషి ఆ కబురు విని నిద్రపోలేకపోయాడు. చిలకమ్మ పడిన నాలుగో రోజు బస్సు దిగి, కర్ర ఊతం చేసుకుని, అరిగిన మోకాళ్లతో ఎర్రమెట్ట దిగి జీపు దగ్గరకు వచ్చాడు. ఊరివాళ్లు అక్కడే బండిని తాళ్లతో లాగుతున్నారు. ఆయన్ని చూసి తలో మాటా అన్నారు. బొంజుబాబు అందరి వెనకా నిలబడ్డాడు.

గౌరునాయుడు కర్ర పక్కన పెట్టి, ముందు చక్రం పట్టుకుని, కష్టం మీద బురదలో వంగాడు. బిళ్లను పట్టుకుని తిప్పాడు. టక్కుమంది. లేచి, చుట్టూ తిరిగొచ్చి, రెండో చక్రానిదీ తిప్పాడు. "ఈ బిళ్లలు తిప్పితేనే ముందు చక్రాలకి బలమందుద్ది. ఇప్పుడు ఆ చిన్న కర్ర లాగి తోలు నాయినా" అన్నాడు కొండన్నతో. జీపు ఒక్కసారి ఊగి, నాలుగు చక్రాలతోనూ మట్టిని పట్టుకుని, నెమ్మదిగా మెట్ట పైకి ఎక్కి నిలబడింది.

లాగుతున్నవాళ్లు తాళ్లు కింద పడేశారు.

"ఇంత సులువా?" అన్నాడు కొండన్న. "మరి ఈ ముక్క ఆ రోజే సెప్పొచ్చు గదా తాతా? చిలకమ్మత్త కాలు ఆ గతయ్యేది కాదు."

గౌరునాయుడు బొంజుబాబు వైపు ఒకసారి చూశాడు. వంచిన తలను, ఎర్రబడిన చెవులను చూశాడు. తరవాత కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

"నిజమే నాయినా. ముసలోణ్ని గదా, సెప్పడం మరిసిపోయుంటాను" అన్నాడు.

బొంజుబాబుకు అప్పుడు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాడు. నిలదీసి ఉంటే ఏదో ఒకటి బొంకేవాడు. ఆ మోకాళ్లతో కొండ దిగొచ్చిన మనిషి, బొంజుబాబు తప్పును అతని కళ్ల ముందే తన నెత్తిన వేసుకుని వెళ్లిపోతున్నాడు. నోరు మూసుకుంటే చాలు, అక్కడున్నవాళ్లకు ఏమీ తెలియదు. ఆ సంగతి తట్టినందుకే అతనికి తనమీద తనకు అసహ్యం వేసింది.

"తాత మరిసిపోలేదు," అన్నాడు. అందరినీ తప్పించుకుని ముందుకు వచ్చాడు. "సెప్పబోతే నానే ఆపేను. ఆ బిళ్లేటో నాకు తెల్దు. కొన్న నాడూ తెల్దు, చిలకమ్మప్ప బండిలో మూలుగుతున్నప్పుడూ తెల్దు. మోసమని అబద్ధమాడేను."

ఎవరైనా కొడతారనుకున్నాడు. ఎవరూ కొట్టలేదు. అతని మొహం చూడలేక ఒక్కొక్కరే తల తిప్పుకున్నారు. గౌరునాయుడు మాత్రం వెనక్కి వచ్చి, "అయితే ఇలా రా బాబూ, కూకో. ఇప్పుడు సెప్తాను" అన్నాడు. బొంజుబాబు అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని, బిళ్లను తిప్పడం నేర్చుకున్నాడు. అర నిమిషం పట్టింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి, చిలకమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, జరిగినదంతా చెప్పాడు. ఆమె కట్టు కట్టిన కాలు వైపు చూస్తూ వింది.

"నీకు తెల్దని నాకా రోజే తెలుసు తమ్ముడా," అంది. "ఆ తాత సూపిత్తానన్నప్పుడు నీ మొగం సూసేను. నలుగురిలో నీ పరువెందుకు తియ్యాలని ఊరుకున్నాను."

బొంజుబాబు రెండు చేతులతో మొహం కప్పుకుని చాలాసేపు ఏడ్చాడు. అతని పరువు నిలబెట్టడానికి ఆమె ఇచ్చిన వెల ఆ మంచం మీద కనబడుతూనే ఉంది.

తిరిగొచ్చాక వెదురుబొంగును కడిగి, సావిడి చూరుకింద ఎప్పటి చోట కట్టాడు. తరవాతి సంతరోజున చింతపల్లి వెళ్లి, గౌరునాయుడు మోసం చేయలేదని, తనే అబద్ధమాడానని దుకాణం దుకాణానికీ చెప్పుకున్నాడు. చిలకమ్మ చేతికర్రతో నడవడం మొదలుపెట్టింది. ఆ కర్ర చప్పుడు వినిపిస్తే బొంజుబాబు చేస్తున్న పని ఆపి లేచి నిలబడేవాడు. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే, తెలిసినదైతే చెప్తాడు. తెలియనిదైతే, "నాకు తెల్దు. తెలిసినోళ్లని అడుగుదాం రా" అని చెప్పులు వేసుకుని వెంట వెళ్తాడు.

తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడేవాడు, ఆ సిగ్గు బరువును ఏమీ ఎరగనివాళ్ల చేత మోయిస్తాడు. కనుక తెలియనప్పుడు అడగాలి, తెలిసినవాళ్లు చెప్పబోతే చెప్పనివ్వాలి.