గుడి కప్పు మీది తాటాకు

అనగనగా సముద్రపొడ్డున ఒక ఊళ్ళో సువార్తమ్మ అని ఒకావిడ ఉండేది. కాళ్ళాడించకు, దుప్పటి జారిపోతోంది. ఆ సువార్తమ్మకి మొగుడు లేడు. చచ్చిపోయిన కూతురి బిడ్డ కెజియా ఉంది, నీ ఈడుది. ఒక ఉప్పు మడి ఉంది, రెండు తాటిచెట్లున్నాయి. అన్నిటికంటే పెద్దది నోరుంది.

ఉప్పెలా పండుతుందో తెలుసా? మడిలోకి సముద్రపు నీళ్ళు వదులుతారు. ఎండకి నీళ్ళు పోయి ఉప్పు మిగులుతుంది. అప్పుడు దాన్ని లాగి కుప్ప పోస్తారు. ఆ కుప్ప మీద తాటాకు కప్పాలి. కప్పకపోతే ఒక్క వాన చాలు, అంతా కరిగి వచ్చిన దారినే సముద్రంలోకి పోతుంది.

ఆ ఊళ్ళో యేసయ్య గుడి కూడా తాటాకుదే. ఏటా ఈస్టరు ముందు పాతాకు తీసి కొత్తాకు కప్పేవాళ్ళు. ముందు దేవుడి కప్పు, ఆ తర్వాతే మన కుప్ప, అది వాళ్ళ ఆనవాయితీ. మిగతావాళ్ళు కొంత ఇచ్చి, తమ కుప్పకి సరిపడా దాచుకున్నారు. సువార్తమ్మకి ఉన్నవి రెండే చెట్లాయె, ఉన్న ఆకంతా ఇచ్చేసింది. పిచ్చిదేం కాదు, ఆయనంటే ప్రాణం.

ఆ తర్వాత ఏమైంది? ఎండాకాలం మధ్యలో కాని కాలపు వాన పడింది. సువార్తమ్మ కుప్ప కరిగిపోయింది.

ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళయింది. దేవుడు చేసిన మేలు పదిమందిలో నిలబడి చెప్పడమే సాక్ష్యం. ఒకాయన జ్వరం తగ్గిందన్నాడు. ఒకావిడ గేదె ఈనిందంది. అప్పుడు సువార్తమ్మ లేచింది. "నా ఉప్పు కరిగిపోయింది. నేనిచ్చిన ఆకు కింద దేవుడు పొడిగా కూర్చుని చూశాడు. ఇదే నా సాక్ష్యం," అని కూర్చుంది.

గుడంతా నోరు వెళ్ళబెట్టింది. సంఘ పెద్ద జక్రయ్యకి ఒళ్ళు మండింది. "సాక్ష్యమంటే స్తుతి చెప్పాలమ్మా. దేవుణ్ణి నిలదీస్తారా?" అన్నాడు.

"జరిగింది చెబితే సాక్ష్యం, లేనిది చెబితే అబద్ధం," అందావిడ.

ఆ తర్వాత రెండో కుప్ప పోసింది. అదీ వానపాలైంది. మళ్ళీ ఆదివారం లేచింది, మళ్ళీ అదే చెప్పింది. ఈసారి జక్రయ్య, ఇంకోసారి నోరు పారేసుకుంటే సంఘం నుంచి వెలి వేయిస్తానన్నాడు.

"వేయించు. నేను మాట్లాడేది నీతో కాదు, ఆయనతో," అంది.

అంత కోపంలోనూ గుడి మానలేదు చూడు. కోపమైనా మనవాళ్ళనుకున్నవాళ్ళ మీదే కదా వస్తుంది.

ఇక మూడో కుప్ప. ఎండాకాలం అయిపోవచ్చింది. ఇదీ పోతే మడి వదిలేసి, పిల్లని వెంటేసుకుని ఇటుక బట్టీలకి పోవలసిందే. కెజియాకి బడి ఉండదు, ఇల్లుండదు. సువార్తమ్మకి అన్నం సయించలేదు.

ఆ ఆదివారం ప్రార్థన సగంలో ఉండగా మబ్బు పట్టింది. సువార్తమ్మ బయటికొచ్చి ఆకాశం వంక చూసింది. మడి వంక చూసింది. గుడి కప్పు వంక చూసింది. అప్పుడు గోడకి నిచ్చెన వేసి, కొంగు బిగించి, పైకెక్కి ఆకు ఊడబీకడం మొదలుపెట్టింది.

లోపల కళ్ళు మూసుకున్నవాళ్ళ నెత్తిన దుమ్ము రాలింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. జక్రయ్య కిందనుంచి, "దిగు, అది దేవుడి సొత్తు," అని అరిచాడు.

ఆవిడ దిగలేదు. ఏడుస్తోంది, పీకుతూనే ఉంది. "సిలువ మీద మనకోసం ఒంటిమీది బట్ట కూడా పోగొట్టుకున్నవాడు జక్రయ్యా ఆయన. నాకు నాలుగు తాటాకులివ్వడా? ఇచ్చేది ఆయన, మధ్యలో నువ్వెవరివి?"

అప్పుడు పాస్టరుగారు చేతిలో బైబిలు పక్కావిడకిచ్చి, వచ్చి నిచ్చెన పట్టుకున్నారు. "కింద నేనున్నా, అందించమ్మా," అన్నారు. ఇంకేం, ఆడవాళ్ళు కట్టలు కట్టారు, మగవాళ్ళు మడికి మోశారు. ఆఖరి కట్ట ఎవరు మోశారనుకున్నావ్? జక్రయ్యే. మొహం ముడుచుకునే మోశాడులే. అయినా మోశాడు.

ఆ తర్వాత వాన కుండపోతగా కురిసింది. ఉప్పు కుప్ప మీద చుక్క పడలేదు. గుడిలో చాపలు తడిశాయి, బల్ల తడిసింది, గోడకున్న కర్ర సిలువ నిలువునా నానిపోయింది.

మళ్ళీ ఆదివారం కప్పు లేని గుడిలో అందరూ కూడుకున్నారు. సాక్ష్యాల వేళ సువార్తమ్మ లేచింది. జక్రయ్య తల వంచుకున్నాడు గానీ కూర్చోమనలేదు.

"నా ఉప్పు నిలిచింది," అందావిడ. అని ఆ సిలువ వంక చూసింది. "నాకోసం ఆయన తడిశాడు," అంది.

అందుకని బుజ్జీ, నీకెప్పుడన్నా కడుపు మండితే గోడలతో చెప్పుకోకు. తిన్నగా ఆయన్నే అడుగు. అలగడు. కళ్ళు మూసుకో ఇక.

కథ వెళ్ళె కంచికి,
ఉప్పు చేరె ఇంటికి,
ఆకు ఎక్కె కప్పుకి,
నువ్వు పోవే నిద్రకి.