రెండు పక్కలా ఉతికిన తెర

అనగా అనగా ఒక గెడ్డ. గెడ్డంటే కొండమీంచి దిగివచ్చే వాగు. ఆ గెడ్డ పక్కన ఒక ఊరు, ఆ ఊరి పేరు గెడ్డవలస. ఆ ఊళ్లో బట్టలుతికే సింహాలమ్మ ఉండేది. ఇది మరీ రాక్షసులు తిరిగిన కాలం నాటి కథ కాదు, అలాగని నిన్నమొన్నటిదీ కాదు. లోకమంతా కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయి తుపాకులు కింద పెట్టింది చూడండి, ఆ మరుసటి ఏడాది ముచ్చట.

సింహాలమ్మది ఎడమచేతి వాటం. రాతి మీద బట్ట బాదితే ఎడమచెయ్యే. సూదిలో దారం ఎక్కిస్తే ఎడమచెయ్యే. ఏడ్చే బిడ్డ కళ్లు తుడిస్తే ఎడమచెయ్యే. అదేం నేరమో గాని, ఆ చేతిని ఊరు ఊరంతా తప్పుపట్టింది. చిన్నప్పుడు తల్లి ఆ చేతిని పేలికతో మొలతాడుకి కట్టేసింది. పెళ్లయ్యాక అత్త ఆమె వడ్డించిన కూడు ముట్టలేదు. పండగపూట పిండివంట పెట్టించుకోవడానికి ఇళ్లకు వెళితే, ఆ చెయ్యి చాపకే అని గుమ్మంలోనే కసిరేవారు. బట్టలు మాత్రం ఆ చెయ్యి ఉతికినవే కావాలి వాళ్లకి. సింహాలమ్మ ఆ చెయ్యి కొంగులో దాచుకునేది.

అలాంటి మనిషికి లోకంలో ఒకే ఒక్క చోట ప్రాణం హాయిగా ఉండేది. అది సినిమా డేరా. లోపల కాదు, తెరకి వెనకపక్క.

యుద్ధానికి ముందు దాలినాయుడనే ఆయన ఊరూరా డేరా వేసి బొమ్మ ఆడించేవాడు. టిక్కెట్టు కొన్నవాళ్లు తెరకి ముందు కూర్చునేవారు. కొనలేనివాళ్లూ, మా పక్కన కూర్చోవద్దనిపించుకున్నవాళ్లూ తెరకి వెనక గెడ్డ ఇసకలో కూర్చునేవారు. తెర గుడ్డే కదా, నీళ్లు చల్లి తడిపితే వెనకవైపుకీ బొమ్మ చక్కగా కనబడేది. అలా మొదటిసారి చూసిన రోజున సింహాలమ్మ నోరు వెళ్లబెట్టింది. రాజు కత్తి దూశాడు, ఎడమచేత్తో. ముని దీవించాడు, ఎడమచేత్తో. రాణి అన్నం కలిపి బిడ్డకు ముద్ద పెట్టింది, ఎడమచేత్తో. ఎవరూ వాళ్లను కసరలేదు. తనలాంటివాళ్ల రాజ్యం ఒకటి ఎక్కడో ఉందని, అక్కడ దేవుడిది కూడా తన వాటమేనని ఆ రోజే ఆమెకు రూఢి అయిపోయింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని భయం, నవ్వితే ఆ రాజ్యం పోతుందని ఇంకా పెద్ద భయం.

అంతలో యుద్ధం వచ్చిపడింది. కిరసనాయిలుకి రేషన్, గుడ్డకి కంట్రోలు. ఆఖరికి ఫిలింకి కూడా కరువొచ్చి, బొమ్మ ఇంత పొడుగుకు మించకూడదని పైవాళ్లు కొలిచి కత్తిరించారట. దాలినాయుడు డేరా మడిచి అటకెక్కించాడు. సింహాలమ్మ ఆరేళ్లు ఎదురుచూసింది.

యుద్ధం ఆగింది. మరుసటి ఏడాది సినిమా వరదలా వచ్చింది. ఏ సంతలో చూసినా డేరా, ఏ బండి మీద చూసినా రంగుల కాగితం. కత్తిరింపులు లేని నిండు బొమ్మలు, పాటల మీద పాటలు. అలాంటి బొమ్మ ఒకటి పెట్టెలో పెట్టుకుని ఒక బుధవారంనాడు దాలినాయుడు గెడ్డవలస వచ్చాడు. చుట్టుపక్కల పది ఊళ్లు కదిలాయి. సోమవారం పొద్దున్న ఆ పెట్టె రైలెక్కి వేరే ఊరు పోవాలి. ఉన్నది అయిదు రోజులు.

గుంజలు పాతారు. ఆయిలింజను దింపారు. తెర విప్పారు. విప్పితే ఏముంది, ఆరేళ్లపాటు చెదలు తీరిగ్గా భోంచేసి వెళ్లినట్టుంది. తెర కాదది, కన్నాల కుప్ప. కొత్త గుడ్డ కొందామంటే మనిషికి ఇన్ని గజాలని కంట్రోలు ఇంకా ఎత్తలేదు.

దాలినాయుడు మొదట ఊళ్లోని బియ్యంమిల్లు గోడకి సున్నం కొట్టించి దాని మీద బొమ్మ వేశాడు. ఆ సున్నం పెచ్చులూడి కథానాయిక మొహం నిండా మశూచి మచ్చలు. జనం తిట్టుకుంటూ వెళ్లారు. సింహాలమ్మ ఆ గోడ చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. గోడకి వెనకపక్క గోడే ఉంది. బొమ్మ చూడకుండానే ఇంటిదారి పట్టింది.

రెండోసారి సముద్రపొడ్డు జాలర్ల తెరచాప తెచ్చి కట్టాడు. అది గాలికీ ఉప్పుకీ ముదిరి గోధుమరంగులో ఉంది. రాజు, రాణి, వెన్నెల అన్నీ బెల్లంపాకంలో ముంచి తీసినట్టు కనబడ్డాయి. సగంలోనే జాలర్లు వచ్చి, వేటకెళ్లాల అని చాప విప్పుకుపోయారు.

మూడోసారి గోనెసంచులు కుట్టించాడు. వెలుగంతా కన్నాల్లోంచి వెనక్కి పోయింది. ముందున్నవాళ్లకి చీకటి, వెనకున్నవాళ్ల కళ్లలో సూదులు. శనివారం పొద్దున్న దాలినాయుడు గుంజకి చేరగిలబడి, ఇంక డేరా విప్పేయండర్రా అన్నాడు.

ఆ మాట గెడ్డరేవులో సింహాలమ్మ చెవిన పడింది. ఆరేళ్లు ఎదురుచూసిన రాజ్యం గడపదాకా వచ్చి వెనక్కి మళ్లిపోతోంది. ఆమె చేతిలో బట్ట ఆగిపోయింది. తలెత్తి చూసింది. ఎదురుగా ఇసకలో వారం బట్టలన్నీ ఆరేసి ఉన్నాయి. కరణంగారి పంచె, షావుకారు పంచె, కమ్మరి పంచె, పాలేర్ల పంచెలు. అన్నీ తెల్లగా మెరిసిపోతున్నాయి. సింహాలమ్మ తడిచేతులతోనే డేరా దగ్గరికి నడిచింది.

"నాయుడుబాబూ, డేరా ఇప్పకు. తెర నాను ఇస్తాను" అంది.

అతను నమ్మలేదు. ఊళ్లోవాళ్ల పంచెలు కలిపి కుడతానని చెబితే ఇంకా హడలిపోయాడు. ఎవరినడిగావని, ఎవరొప్పుకున్నారని గాభరాపడ్డాడు. అప్పుడు సింహాలమ్మ తన కులానికి తరతరాలుగా ఉన్న హక్కు గుర్తుచేసింది. పెళ్లయినా, దేవుడి ఊరేగింపయినా నెత్తిమీద చాందినీ కట్టేది వాళ్లే. ఉతికిన బట్టల్లోంచి మంచివి ఏరి కడతారు. అది ఎవరి బట్ట అని ఆనాటిదాకా ఎవరూ అడిగింది లేదు.

"పెల్లికి కట్టినట్టే కడతాను. ఇదీ పెల్లిలాంటిదే కాదేటి" అంది.

శనివారమంతా కుట్టింది, ఆదివారం మధ్యాహ్నందాకా కుట్టింది. పద్నాలుగు పంచెలు. అంచులు మడిచి, ఏ ఇంటిదో తెలియడానికి జీడిరసంతో పెట్టిన గుర్తులన్నీ వెనక్కి తిప్పి, ఎడమచేత్తో టక్కు టక్కుమని సూది నడిపింది. గెడ్డలో మళ్లీ జాడించింది, నీలిమందు పెట్టింది, గంజి పెట్టింది. సాయంకాలానికి ఆ తెర గుంజలెక్కితే డేరాలోకి ఇంకో పగలు దిగినట్టయింది. చూసినవాళ్లు అబ్బ అనుకున్నారు.

అనుకోనివాడు ఒక్కడే, కరణం నరసింగరావుగారు. ఆయన చేతికర్ర ఆడించుకుంటూ వచ్చి, ఇందులో నా పంచె ఉందటగా, దాన్ని ఎవరి పంచె పక్కన కుట్టావని గద్దించాడు. ఆయన విప్పమంటే విప్పాల్సిందే, విప్పితే బొమ్మ లేనట్టే.

సింహాలమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది. మాట మాత్రం దాచుకోలేదు.

"బాబుగారూ, మీ పంచి ఏదో సూపించండి. ఇప్పుడే ఇప్పేసి ఇచ్చెత్తాను."

కరణంగారు ఈ చివర్నించి ఆ చివరికి చూశాడు. ఆ చివర్నించి ఈ చివరికి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. పద్నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి.

"నా బానలో అన్నీ కలిసే ఉడుకుతాయి బాబూ. నానేనాడూ ఏరు సెయ్యనేదు" అందామె, చిన్నగా.

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ వెనక డేరా అంతా నవ్వింది. కరణంగారు కర్ర చంకలో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. తెర విప్పే పని తప్పింది.

దాలినాయుడికి పట్టరాని సంతోషం. సింహాలమ్మను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి అందరికంటే ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆమె పుట్టి బుద్ధెరిగాక తెరకి ముందు కూర్చోవడం అదే మొదలు. ఇంజను డుగడుగలాడింది. తెర మీద వెలుగు పడింది. రాజు వచ్చి కత్తి దూశాడు.

కుడిచేత్తో దూశాడు.

సింహాలమ్మ కళ్లు నులుముకుంది. ముని దీవించాడు, కుడిచేత్తో. రాణి ముద్ద కలిపింది, కుడిచేత్తో. ఇన్నాళ్లూ తనది అనుకున్న రాజ్యంలో కూడా తనది తప్పుడు చెయ్యేనా? వాళ్లందరూ కలిసి తనను మోసం చేసినట్టనిపించింది. తను కుట్టిన తెర మీదే తనకు చోటు లేకపోయిందని దుఃఖం ముంచుకొచ్చింది. పాట మధ్యలో లేచింది. తలొంచుకుని తెర పక్కనుంచి బయటికి నడిచింది.

బయట ఇసకలో తనవాళ్లంతా కూర్చుని ఉన్నారు. ఏటప్పా ఒచ్చేసినావని జరిగి చోటిచ్చారు. సింహాలమ్మ కూర్చుని, చూడనా వద్దా అనుకుంటూ తలెత్తింది. రాజు కత్తి ఎడమచేతిలో ఉంది. ముని చెయ్యి ఎడమది. తన సూది పోట్లన్నీ కనబడుతున్నాయి, తను పెట్టిన జీడిగుర్తులు కనబడుతున్నాయి. అవే పంచెలు, అదే వెలుగు. ఆమె కాసేపు చూసింది. ఆ తరవాత నవ్వొచ్చింది. ఎంత నవ్విందంటే కళ్లవెంట నీళ్లు కారాయి.

ఇంటర్వెల్లులో దాలినాయుడు వెతుక్కుంటూ వచ్చాడు. అతని వెనకే, ఏం గొడవో చూద్దామని కరణంగారు, ఆయన వెనక సగం జనం. నాయుడు నొచ్చుకున్నాడు. అసలు బొమ్మ ముందుంటే ఈ తిరగబడ్డ బొమ్మ నీకెందుకు, లోపలికి రమ్మని బతిమాలాడు.

అప్పుడు సింహాలమ్మ కొంగులోంచి చెయ్యి తీసింది. ఊరంతా చూస్తుండగా ఆ ఎడమచేత్తోనే తెరను చూపించింది.

"అసలేటి, తిరగబడ్డదేటి నాయుడుబాబూ? తెర ఒక్కటే. నాను రెండు పక్కలా ఉతికినాను."

దాలినాయుడు వెళ్లి ఇంజను వేయించాడు. రెండో సగం మొదలైంది. లోపలికి వెళ్లాల్సిన జనం వెళ్లకుండా ఇసకలోనే నిలబడి చూశారు. రాజు ఎడమచేత్తో శత్రువును కొట్టాడు, ఎడమచేత్తోనే రాణి మెడలో దండ వేశాడు. మొదట కమ్మరి కూర్చున్నాడు. తరవాత షావుకారు భార్య కూర్చుంది. చివరికి కరణంగారు భుజం మీది కండువా ఇసకలో పరుచుకుని సింహాలమ్మకు కాస్త ఎడంగా కూర్చున్నాడు.

బొమ్మ అయిపోవస్తుండగా ఆయన ఆమెకొక్కదానికే వినబడేటట్టు చెప్పాడు.

"నాదీ ఎడమచెయ్యే సింహాలూ. పంతులు బెత్తంతో కొట్టి కొట్టి మాన్పించాడు."

సింహాలమ్మ కొంగు ముడి విప్పి కాసిన్ని వేరుసెనగపప్పులు ఆయన ముందుకు చాపింది, ఎడమచేత్తో. కరణంగారు ఆ చేతిని ఒక్క క్షణం చూశాడు. యాభై ఏళ్ల తరవాత తన ఎడమచెయ్యి చాపి పుచ్చుకున్నాడు. అది ఊరంతా చూసింది.

మర్నాడు పెట్టె రైలెక్కింది. పంచెలు విడివిడిగా ఎవరింటికి వాళ్లవి వెళ్లాయి. వాటి మీద సూది కన్నాలు మిగిలిపోయాయి. ఆ పంచె కట్టుకున్న ప్రతివాడూ, మాది రాజుగారి కత్తి పడ్డ ముక్క, మాది రాణిగారి మొహం పడ్డ ముక్క అని చెప్పుకుని మురిసిపోయాడు. సింహాలమ్మ ఇంకా చాలాకాలం బతికింది. ఆ తరవాత ఏ ఇంటికెళ్లినా ఆమె చెయ్యి కొంగులోకి పోలేదు.

ఆమె పోయాక గెడ్డవలసలో పక్కా సినిమాహాలు లేచింది. కట్టించినవాళ్లు తెరను గోడకు ఆనించనివ్వలేదు. వెనక పదడుగుల జాగా ఒగ్గి, అంటే వదిలిపెట్టి, గెడ్డ ఇసక పోయించారు. ఆ జాగాకి టిక్కెట్టు లేదు. ఇవాళ్టికీ కొత్త బొమ్మ పడితే గేటుమనిషి మొదటి టిక్కెట్టు ఎడమచేత్తో చింపుతాడు. బొమ్మ తేటగా పడితే సింహాలమ్మ ఉతికిందిరా అంటారు.

ఆ ఊళ్లో ఎడమచేతి వాటం పిల్లలకు చేతులు కట్టెయ్యరు. ఎప్పుడైనా ఏ తల్లయినా మరిచిపోయి, ఆ చెయ్యి కాదని బిడ్డను కసిరిందనుకోండి, అరుగు మీది ముసలమ్మ ఊరుకోదు.

"ఒగ్గేయే అమ్మీ. నువ్వు ముందునుంచి సూత్తన్నావు. ఓపాలి ఎనక్కెల్లి సూడు" అంటుంది.