పట్టాల మీద చెంచాలు

సామర్లకోటలో గవర్రాజు, అబ్బులు, సత్తిపండు అని ముగ్గురు అన్నదమ్ములు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో తమను మించినవాళ్ళు జిల్లాలోనే లేరని వాళ్ళ గొప్ప. పెద్దవాడు గవర్రాజైతే ఆ మాట అద్దంలో చూసుకుని మరీ చెప్పుకునేవాడు.

వాళ్ళ ప్రాణమంతా బొమ్మ రైళ్ళ మీదే. ముందుగదిలో బల్ల, బల్ల మీద పట్టాలు, రిమోటు నొక్కితే తిరిగే నాలుగు బండ్లు. ఒక్క బండి పట్టాలు తప్పిందా, అంతే, కరెంటు షార్టై నాలుగూ ఆగిపోయేవి. గది మేనత్త మంగాయమ్మది. ఆవిడకి విసుగొచ్చేసింది.

"ఆదివారం నేనొచ్చేసరికి నాలుగు బండ్లూ తిరుగుతుండాలి. లేదా గది ఖాళీ చేసి నాకప్పజెప్పండి, ఆవకాయ జాడీలు పెట్టుకుంటాను" అనేసింది.

గవర్రాజు వెంటనే ఎలక్ట్రికల్ షాపు దానయ్యకి ఫోన్ చేశాడు.

"పట్టాల్ని నాలుగు భాగాలు చెయ్యండి. ఒకదానికొకటి తగలకూడదు. భాగానికో బ్రేకరు పెట్టండి, షార్టైన చోట మాత్రమే కరెంటు ఆపేస్తుంది. ఒక బండి పడినా మిగతావి తిరుగుతాయి" అన్నాడు దానయ్య.

తగలకూడదన్నాడు కదా! ఒక భాగం ముందుగదిలో, ఒకటి వంటింట్లో, ఒకటి పెరట్లో, ఒకటి స్నానాలగదిలో పెట్టారు. ఇంకేముంది, వంటింటి బండి పట్టాలు అయిపోగానే నేరుగా పప్పుగిన్నెలోకి దిగింది.

"ఒకే బల్ల మీదేనయ్యా బాబూ!" అని ఫోన్లో అరిచాడు దానయ్య. "మధ్యలో అట్టముక్క పట్టేంత సందు చాలు."

సరేనని సందుకో శుభలేఖ ముక్క నిలబెట్టారు. తియ్యమని ఆయన అనలేదాయె. వచ్చిన బండి వచ్చినట్టే శుభలేఖని గుద్దుకుని పడింది.

"పెళ్ళివారికి ఎంత అవమానం!" అన్నాడు సత్తిపండు.

దానయ్య గొంతు ఈసారి నీరసంగా వినిపించింది. "ముక్కలు పీకెయ్యండి. ప్రతి భాగంలోనూ రెండు పట్టాలకీ తగిలేలా స్టీలు చెంచా పెట్టండి. బ్రేకరు టక్కున పడిపోతే బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు."

పెట్టారు. నాలుగు చోట్లా టక్కున పడింది. ముగ్గురూ గంతులేశారు.

"చెంచాలు తీసేద్దామా అన్నయ్యా?" అన్నాడు అబ్బులు.

"నోర్ముయ్! ఇంత బాగా పనిచేస్తుంటే చెడగొడతావా?" అన్నాడు గవర్రాజు.

ఆదివారం మంగాయమ్మ వచ్చింది. బండ్లు కదలవు, మెదలవు.

"తిరగవేంరా?"

"బ్రేకర్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయత్తా, అందుకని" అన్నాడు గవర్రాజు గర్వంగా.

ఆవిడ నెత్తి కొట్టుకుని చెంచాలన్నీ ఏరి పారేసి, బ్రేకర్ల మీటలు పైకెత్తి రిమోటు నొక్కింది. అంతే! నాలుగు బండ్లూ జుయ్యిమని పరిగెత్తాయి. ఆవిడే వేలితో ఒకదాన్ని పడదోసి చూసింది. మిగతా మూడూ ఆగలేదు. మంగాయమ్మ ముఖం చేటంత అయింది.

"బాగుందర్రా! గది మీరే ఉంచుకోండి."

గవర్రాజుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఎంత ముచ్చటపడి పెట్టుకున్న రైళ్ళు! అయినా మాటంటే మాటే.

"కుదరదత్తా. నువ్వొచ్చేసరికి తిరగలేదు. గది అప్పజెప్పాల్సిందే" అన్నాడు.

"ఒరేయ్, నేనే వద్దంటున్నా కదరా!"

వింటేగా! ముగ్గురూ బల్లెత్తి బయటికి లాగారు. ఆ గదిలోనే కూర్చుని చేసిన బల్ల కదా, సగం దాటి గుమ్మంలో ఇరుక్కుపోయింది. ఇక ముందుకీ రాదు, వెనక్కీ పోదు. అన్నదమ్ములు బయట, మంగాయమ్మ లోపల.

"ఓరి నాయనోయ్! నేనెలా బయటికి రావాలిరా?" అని కేకేసింది ఆవిడ.

గవర్రాజు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"నువ్వెందుకత్తా రావడం? గది నీకప్పజెప్పేశాం కదా!"