చలివేంద్రంలో పంతులమ్మ

పానకాలు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ అంతే. తడిగుడ్డ ఎలా ఆరుతుందని అడిగిన పిల్లవాడికి బడిలోని నల్లబల్ల గుడ్డలన్నీ ఉతికి ఎండలో వేసే పని అప్పగించారు. దేవుడు ఉన్నాడా అని అడిగిన ఒక పెద్దమనిషిని సంతకు వెళ్లి మంచి వంకాయలు ఏరి తెమ్మన్నారట. వంకాయలకూ దేవుడికీ సంబంధం ఏమిటో ఆ పెద్దమనిషికి తర్వాతైనా తెలిసిందో లేదో ఎవరూ చెప్పరు గాని, ఆ పూట మాస్టారింట్లో కూర మాత్రం బాగా కుదిరిందని చెబుతారు. ఆయన సంగతి తెలిసినవాళ్లు గనక ఆయన శిష్యులు మరీ తప్పనిసరి అయితేనే ప్రశ్న వేసేవాళ్లు.

వకుళకు ఆ వేసవిలో తప్పనిసరి అయింది.

ఆమె చిన్నప్పుడు ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే బడిలో టీచరుగా పనిచేస్తోంది. మంగళగిరికి అవతల, గుంటూరు వెళ్లే రోడ్డు పక్కన ఉన్న చేనేత ఊరు అది. బడికి వచ్చే పిల్లల్లో చాలామంది మగ్గం ఇళ్లవాళ్లు. వేసవి సెలవులంటే ఆ పిల్లలకు ఊటీలూ కొడైకెనాలూ ఏముంటాయి, పొద్దున అమ్మ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టడం, మధ్యాహ్నం సెల్‌ఫోను కోసం తమ్ముడితో కొట్లాడటం. జూన్‌లో బడి తెరిచేసరికి అక్షరాలు సగం మరిచి వస్తారు. ఇది చూసి చూసి బాధపడి, ఆ ఏడు వకుళ బడి బీరువా తెరిచింది. కథల పుస్తకాలన్నీ దులిపి, ఒక్కొక్కదానికీ తన చేత్తో అట్ట వేసి, సెలవులిచ్చిన రోజునే పిల్లలకు పంచిపెట్టింది. ఎవరూ చెప్పకుండా, పైవాళ్లు అడగకుండా చేసిన పని. అలాంటి పని చేసే టీచర్లు ఎంతమంది ఉంటారు? అంతవరకు ఆమెను మెచ్చుకోవలసిందే.

అయితే పుస్తకం పట్టుకెళ్లి చూరులో దోపేస్తారేమోనని ఆమెకు భయం. అందుకని ఒక ఏర్పాటు చేసింది. ప్రతి శుక్రవారం పొద్దున్నే పిల్లలు బడి వరండాలోకి రావాలి. చదివిన కథ అందరి ముందూ నిలబడి చెప్పాలి. బాగా చెప్పినవాళ్ల పేరు పక్కన గోడ మీద రంగు సుద్దతో ఒక నక్షత్రం వేస్తుంది.

ఈ పిల్లల్లో చౌడేశ్వరి అని ఒక అమ్మాయి ఉంది. ఏడో తరగతిలోకి రావలసిన పిల్ల. పుస్తకం కనిపిస్తే అన్నం మరిచిపోయే రకం. ఇంట్లో తండ్రి గుంటమగ్గం మీద నేస్తుంటే, ఆ గుంట గట్టున కాళ్లు వేలాడేసుకుని పైకి చదివేది. కథ రసపట్టులో పడితే తండ్రి చేయి ఆగిపోయేది, మగ్గం చప్పుడు ఆగిపోయేది. "రాజుగారి సంగతి తర్వాత చూద్దువు గాని, ముందు షావుకారుగారి చీర సంగతి చూడవయ్యా," అని తల్లి తిరుపతమ్మ కేకలేసేది. కేకలేసిన మనిషి తన రాట్నం కూడా ఆపుకునే కూర్చునేది. ఈ సంగతులన్నీ వకుళకు తెలుసు. ఈ ఏర్పాటంతా ఆ ఒక్క పిల్లను తలుచుకునే చేసిందన్నా తప్పు లేదు.

రెండో శుక్రవారం చౌడేశ్వరి ఒక కుంటి గుర్రం కథ చెప్పింది. ముసలి బండివాడూ, వాడి గుర్రమూ ఎడారి దాటి ఇంటికి వచ్చే కథ. చేతులు తిప్పుతూ, గుర్రం కుంటుతున్నట్టు తనూ కుంటుతూ చెప్పింది. చివర గుర్రం ఇల్లు చేరింది, బండివాడి కూతురు దానికి బెల్లం తినిపించింది, కథ అయిపోయింది.

"పుస్తకంలో గుర్రం దారిలోనే చచ్చిపోతుంది కదమ్మా," అంది వకుళ.

"అవును టీచర్. కానీ మా తమ్ముడు ఏడ్చాడు. అన్నం తినను పొమ్మన్నాడు. అందుకని బతికించా."

"నువ్వు చివరిదాకా చదివావా, లేక ఎవరైనా చెబితే విన్నావా?"

వకుళ కోపంగా అడగలేదు. నవ్వుతూనే అడిగింది. అయినా వరండాలో పిల్లలంతా ఘొల్లున నవ్వారు. మళ్లీ చదువుకుని వస్తే నక్షత్రం వేస్తానంది. చౌడేశ్వరి తలూపి వెనక వరసలోకి వెళ్లి కూర్చుంది.

మరుసటి శుక్రవారం ఆ పిల్ల రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వకుళ వాళ్లింటికి వెళ్లింది. ఆమె వీధి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే చౌడేశ్వరి పెరటి గుమ్మంలోంచి జారుకుంది. తిరుపతమ్మ గబగబా లేచి, కుర్చీ తుడిచి వేసి, గూట్లోంచి ఒక మూట తీసి చూపించింది. పాత చీర ముక్కలో చుట్టిన పుస్తకం. "ఎంత జాగ్రత్తగా దాచామో చూడండమ్మా. ఎవర్నీ ముట్టనీయటంలా. మడత కూడా పడలా," అంది సంతోషంగా. అట్ట మీద వకుళ చేత్తో వేసిన మడతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మగ్గం మాత్రం చప్పుడు ఆగకుండా ఆడుతోంది.

అక్కడి నుంచి ఆమె తిన్నగా పానకాలు మాస్టారి దగ్గరికి వచ్చింది.

ఆయన ఏటా వేసవిలో రోడ్డు పక్కన చలివేంద్రం పెడతారు. నాలుగు కర్రలు, తాటాకు పందిరి, ఇసుక పోసి దాని మీద కుండలు, చుట్టూ తడి గోనెలు, లోపల ఇన్ని వట్టివేళ్లు. ప్రతి ఏడూ కొత్త కుండలే కొంటారు. పాత కుండకు ఒంటి మీది సన్నచిల్లులన్నీ పూడుకుపోయి చెమ్మ ఊరదనీ, చెమ్మ ఊరని కుండలో నీళ్లు చల్లబడవనీ ఆయన పట్టింపు. పేరు పానకాలే గాని పోసేవి మంచినీళ్లేనని ఊళ్లో వేళాకోళం చేస్తారు. ఆయన కూడా నవ్వుతారు.

"మాస్టారూ," అంది వకుళ పందిట్లోకి వస్తూనే, "సెలవుల్లో పిల్లల చేత పుస్తకాలు చదివించడం ఎలాగండీ?"

ప్రశ్న పిల్లలందరి గురించీ అడిగింది. ఆమె కళ్ల ముందు మాత్రం చీర ముక్కలో చుట్టిన ఆ మూట ఒక్కటే ఉంది. జరిగిందంతా చెప్పింది. గోడ మీది నక్షత్రాలూ, గుర్రమూ, పెరటి గుమ్మమూ, ఏమీ దాచలేదు.

మాస్టారు విన్నారు. విని, "నీళ్లు పోసే వీరమ్మ ఇవాళ రాలేదమ్మా. కూతురికి నెప్పులొస్తున్నాయని ఆస్పత్రికి పోయింది. ఈ పూట నువ్వు కూర్చో," అని, తాను కాస్త అవతల ఉన్న వేపచెట్టు నీడలోకి వెళ్లి నులకమంచం మీద నడుం వాల్చారు.

వకుళకు నవ్వొచ్చింది. ఈయన మారరు అనుకుంది. కొంగు నడుముకు చుట్టుకుని కుండల వెనక పీట మీద కూర్చుంది. ఏ పని చేసినా బాగా చేయాలనే మనిషి. నీళ్లు పోయడం కూడా బాగా చేయాలనుకుంది.

మొదట ఒక మేకల కాపరి వచ్చాడు. ముసలివాడు. వస్తూనే వంగి దోసిలి పట్టాడు.

"కాసేపు కూర్చో తాతా. ఎండలోంచి వచ్చి గబుక్కున తాగకూడదు, గుండె పట్టేస్తుంది. ఏ ఊరు మీది? మనవలున్నారా, బడికి వెళుతున్నారా?"

ముసలివాడు దోసిలి దించకుండానే తలెత్తి చూశాడు. "అన్నీ చెబుతా తల్లీ. చెప్పాలన్నా ముందు నోరు తడవాలిగా."

తర్వాత ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. మిరపకాయల గిడ్డంగిలో తొడిమలు తీసే పనివాళ్లు. మొహాలు కందిపోయి, కళ్లు నీళ్లు కారుతున్నాయి. వకుళకు జాలేసింది. గ్లాసు నిండా పోసింది, తాగుతుండగానే ఇంకా తాగమంది. నీళ్లు చల్లగా ఉన్నాయా అంది, వట్టివేళ్ల వాసన తెలుస్తోందా అంది, నిన్న కూడా ఇక్కడే తాగారా అంది, ఇంటి దగ్గర పిల్లల చేత కూడా రోజుకి ఇన్ని గ్లాసులని తాగించాలంది.

"నీళ్లు తాగను వచ్చామా, పెళ్లిచూపులకు వచ్చామా అక్కా?" అంది వాళ్లలో చిన్నది.

"ఇంకాసేపుంటే తాగింది అప్పజెప్పమంటుంది. పదవే," అని రెండోది గ్లాసు సగంలో దించేసింది.

ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. వకుళ కూడా నవ్వింది. అప్పజెప్పడమనే మాట దగ్గర మాత్రం ఆమె నవ్వు కొంచెం తడబడింది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. వేపచెట్టు వైపు చూసింది. మాస్టారు కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకుంది.

ఎండ నడినెత్తి దాటింది. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే వేళ. అటువైపు నుంచి ఒక పిల్ల నెత్తిన నూలు మూట పెట్టుకుని వస్తోంది. షావుకారు ఇంటి నుంచి ఆ వారం నేతకు కావలసిన నూలు తెస్తున్నట్టుంది. ఓణీ అంచు తల మీదికి లాక్కుంది. పందిరి కనిపించగానే అడుగు వేగం పెంచింది. రోడ్డు సగం దాటింది కూడా. ఒక చేత్తో మూట పట్టుకుని, రెండో చేయి అప్పుడే గ్లాసు అందుకుంటున్నట్టు ముందుకు చాచింది.

చౌడేశ్వరి. వకుళకు ప్రాణం లేచొచ్చింది. గబుక్కున నిలబడి, గ్లాసు కుండలో ముంచి పైకి తీస్తూ, "రామ్మా, రా రా. ఎన్నాళ్లైంది నిన్ను చూసి. ఇప్పుడేం పుస్తకం చదువుతున్నావు?" అంది.

ఆ పిల్ల రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ముందుకు చాచిన చేయి వెనక్కి తీసుకుని మూటకు ఆసరా పెట్టుకుంది.

"దాహం లేదు టీచర్," అంది.

పెదాలు ఎండి తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి. ఆ మాట అనడానికి కూడా ఒకసారి నాలుకతో తడుపుకోవలసి వచ్చింది. అని, వెనక్కి తిరిగి రోడ్డు అవతలి అంచుకు వెళ్లి, తల వంచుకుని నడిచిపోయింది. అక్కడి నుంచి వాళ్లిల్లు దగ్గరేమీ కాదు. దారిలో ఒక్క చెట్టు లేదు.

వకుళ నిండు గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. నీళ్లు అంచు దాటి మణికట్టు మీంచి మోచేతి దాకా కారాయి.

"పట్టుకెళ్లి ఇచ్చొస్తాను మాస్టారూ," అంది కాసేపటికి.

"వద్దమ్మా. నువ్వు వెంటబడితే ఆ పిల్ల పరిగెడుతుంది. నెత్తిన బరువుంది," అన్నారు మాస్టారు. ఆయన ఎప్పుడో లేచి మంచం మీద కూర్చున్నారు. అంతా చూశారు.

నూలు మూట తెల్లగా కనిపించినంత దూరం ఇద్దరూ చూశారు. ఎండమావుల్లో అది కాస్త పైకి లేచినట్టు, నేలకు తగలకుండా పోతున్నట్టు కనిపించి, మలుపు దగ్గర మాయమైంది. లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, తనే గ్లాసు ముంచుకుని గటగటా తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు. వకుళ అతన్ని ఏమీ అడగలేదు. అతను వచ్చినట్టు కూడా గమనించలేదేమో.

"గుర్రం బతికితే ఏం పోయింది మాస్టారూ," అంది చివరికి. "తమ్ముడికి అన్నం పెట్టడానికి బతికించుకుంది. దానికి నక్షత్రం వేయడానికి నాకేమడ్డం వచ్చింది?"

మాస్టారు పందిట్లోకి వచ్చారు. వచ్చి, తడి ఆరుతున్న గోనెల మీద కాసిని నీళ్లు చిలకరించారు.

వకుళ పీట ఎత్తి, పందిరి బయటకు తీసుకెళ్లి వేపచెట్టు మొదట్లో వేసింది. అక్కడి నుంచి కుండలు కనిపిస్తాయి గాని, వచ్చేవాళ్ల మొహాలు కనిపించవు.

"రేపు కూడా ఆ పిల్ల ఏదో ఒక పనికి ఇటే రావాలి. నేను ఇక్కడే కూర్చుంటాను. నోరు విప్పను. వచ్చి తాగుతుందంటారా?"

పానకాలు మాస్టారు మలుపు వైపు చూశారు.

"తెలియదమ్మా," అన్నారు. "దాహం చంపుకోవడం కూడా అలవాటైపోతుంది."