గాంధారం తెలిసిన కాకి

ఒక కాకి సంగీతం నేర్చుకుందామనుకుంది.

నవ్వకండి. కాకి నవ్వులాటకి అనుకోలేదు. రోజూ తెల్లారేసరికి పాటల పంతులమ్మ ఇంటి ప్రహరీగోడ మీద వాలేది. వరండాలో పిల్లలు బాసింపట్టు వేసుకుని సరిగమలు పాడేవాళ్ళు. ఎవరి స్వరం జారినా పంతులమ్మ "ఊఁహూఁ, మళ్ళీ" అనేది. కుదిరేదాకా ముందుకి కదలనిచ్చేది కాదు. కుదిరాక పిల్లలకి తలో అటుకుల ఉండ, గోడ మీది కాకికి ఒక అన్నం ముద్ద పెట్టేది. పాఠం కుదరకపోతే ముద్ద లేదు, పిల్లలకైనా కాకికైనా.

కొన్నాళ్ళకి ఎవరైనా స్వరం తప్పితే పంతులమ్మ కన్నా ముందు కాకే "కావ్" మనడం మొదలెట్టింది. "దీని గొంతు మాట దేవుడెరుగు, చెవి మాత్రం బంగారం" అని ఆవిడ మురిసిపోయేది.

తోటి కాకులు ఊరుకుంటాయా? "ఏమే, కచేరీ ఎప్పుడు? ఏదీ, ఒక ముక్క పాడు" అనేవి. కాకి నోరు తెరిచేది. "కావ్!" అవి పడీపడీ నవ్వేవి. దీనికి మనసు చివుక్కుమనేది. అయినా మర్నాడు పొద్దున్నే గోడెక్కేది. అక్కడ కూర్చుంటే దానికి హాయి.

పిల్లలందరిలోకీ చిన్నది పంతులమ్మ మనవరాలు. దానికి గాంధారం, అదే సరిగమల్లో 'గ', నిలిచేది కాదు, ఎక్కినట్టే ఎక్కి జారిపోయేది. "బామ్మా, నాకు రాదేమో" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

"ముందు చెవికి రావాలే, నోరు దాని వెనకాలే వస్తుంది. గాంధారం నిలిచిన రోజు ఈ తంబూరా నీదే" అనేది బామ్మ.

ఆ రోజు రాకముందే బామ్మ పోయింది.

"పిల్లకి సంగీతం అబ్బేట్టు లేదు. కర్మ అయ్యాక తంబూరా గుడికి ఇచ్చేద్దాం" అన్నాడు పంతులమ్మ కొడుకు. పిల్ల తంబూరాని వాటేసుకుని ఏడ్చింది.

పదో రోజున ఏటి ఒడ్డున పిండం పెట్టారు. కాకి ముడితేనే పోయినవాళ్ళ మనసు తీరినట్టు. కాకులు బోలెడు వచ్చాయి. మన కాకి అన్నిటికన్నా ముందుకి వచ్చి, "ఇది మా పంతులమ్మ ముద్ద" అని మిగతావాటిని కసిరింది. తను మాత్రం ముట్టలేదు. పాఠం కాకుండా ఎలా తినడం?

మనుషులకి గుండె గుభేలుమంది. "అమ్మా, సంవత్సరీకం ఘనంగా చేస్తాను" అన్నాడు కొడుకు. కాకి కదల్లేదు. "నీ పేర కాశీ వెళ్ళొస్తాను" అన్నాడు. ఊఁహూఁ. ఎండ నెత్తికెక్కింది.

పిల్లకి తట్టింది. "నాన్నా, అది పాఠం కోసం చూస్తోంది."

"మైలలో పాటలేమిటే, అప్రాచ్యప్పనీ!" అని మేనత్త కసిరింది. పిల్ల వినిపించుకోలేదు. ఇసకలో కూర్చుని అందుకుంది. స, రి, గ...

"కావ్!"

అందరూ ఉలిక్కిపడ్డారు. పిల్ల మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ అక్కడే "కావ్!" ఈసారి పిల్ల ఆగి కళ్ళు మూసుకుంది. బామ్మ తంబూరా మోత చెవిలో వినపడేదాకా అలాగే కూర్చుంది. అప్పుడు పాడింది. గాంధారం నిలిచింది.

కాకి నోరు మెదపలేదు. పిల్ల పైషడ్జం దాకా వెళ్ళి కిందికి దిగేదాకా ఓపిగ్గా విని, అప్పుడు తల వంచి ముద్ద ముట్టింది.

"అమ్మా!" అంటూ కొడుకు ఇసకలో సాగిలపడ్డాడు. "తెలిసిందమ్మా. తంబూరా పిల్లదే. ఎవరికీ ఇవ్వను."

ఇవాళ పాఠం బాగా కుదిరింది అనుకుంది కాకి, మెతుకులు మింగుతూ.

మైల తీరిన మర్నాడు పొద్దున్నే పిల్ల వరండాలో చాపలు పరిచి తంబూరా తెచ్చి పెట్టుకుంది. తోటిపిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

"అంతా బాగానే ఉంది గానీ, తప్పొస్తే చెప్పేదెవరే?" అన్నాడు తండ్రి.

పిల్ల అన్నం ముద్ద చేసి, గిన్నెలో పెట్టి, మూత వేసింది. గోడకేసి చూసి, "పాఠం అయ్యాకే" అంది.

గోడ మీద కాకి రెక్కలు సర్దుకు కూర్చుంది.