తలకిందులుగా గీసిన ముఖం

పరాంకుశం మాస్టారికి ఫొటోను ఉన్నదున్నట్టు ఉండనిచ్చే అలవాటు లేదు. కోస్తారు, అతికిస్తారు, చివరికి దాన్ని తలకిందులుగా పెట్టి శిష్యుల చేత సిరాతో గీయిస్తారు. ఎవరి ముఖమో తెలిస్తే చెయ్యి అబద్ధమాడుతుందని ఆయన నమ్మకం. ఆయన దగ్గర ఏడేళ్లుగా నేర్చుకుంటున్న హైమవతి ఒకనాటి ఉదయం రుసరుసలాడుతూ వచ్చింది.

"మా అన్నయ్య పోయి తొమ్మిది రోజులైందండీ. పదకొండో రోజుకి బొమ్మ కావాలట. కెమెరా అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, ఇంట్లో సరైన ఫొటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులో ఉన్నదాన్ని చూస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. నువ్వైతే గీస్తావని వదిన కబురంపింది. తనకు చెల్లెలే లేదని నా పెళ్లిరోజున వీధిలో నిలబడి అరిచినవాడు! పన్నెండేళ్లుగా వాడి గడప తొక్కలేదు. పోయాడని తెలిసినా వెళ్లలేదు. మనసులోంచి తుడిచేసిన ముఖాన్ని చెయ్యి ఎలా గీస్తుంది, మీరే చెప్పండి?"

మాస్టారు లోపలికి వెళ్లి, కాసేపటికి ఒక ఫొటో తెచ్చి బల్లమీద తలకిందులుగా పెట్టారు. జుట్టూ చెవులూ కత్తిరించేసిన ఉత్త ముఖం. నడుమ నిలువునా సన్నటి అతుకు.

"ముందు ఇది కానివ్వు" అన్నారు.

కోపంలో ఉన్న చెయ్యి కదా, చకచకా సాగింది. రెప్పల బరువు, ముక్కు పక్కన లోతైన నీడ, కిందిపెదవిలో మొండితనం, అన్నీ సిరాలో దిగాయి. రెండు గంటలయ్యాక మాస్టారు వచ్చి కాగితాన్ని తిప్పి నిలబెట్టారు.

హైమవతి చేతిలోని కలం జారి నేలమీద పడింది. అన్నయ్య! అలిగితే కిందిపెదవి ముందుకు పెట్టే అన్నయ్య, కాగితంలోంచి తననే చూస్తున్నాడు.

"వాడి ఫొటో మీకెక్కడిదండీ?"

"ఆయనది కాదమ్మా, నీదే. పోయిన నెల వసారాలో తీశాను చూడు, అదే. నీ ఎడమ సగానికి ఆ ఎడమ సగాన్నే అద్దంలోలా తిప్పి అతికించాను, అంతే."

ఆమె తన ఎడమ చెంప తడుముకుంది. ముందు భయం వేసింది, ఆ వెనకే ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

మాస్టారు వంగి, కిందపడ్డ కలం తీసి, పాళీ తుడిచి ఆమె చేతికిచ్చారు.

"నేనాయన్ని ఎన్నడూ చూడలేదు తల్లీ. మీసం ఉండేదా?"